బుల్లితెరపై జపాన్ కార్టూన్ల కోతలు: ‘షిన్‌చాన్’ ఆధారంగా ఒక పరిశీలన

పరిచయం

అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో 2005 తరవాత పెరిగిన పిల్లలకు నోబితా, షిజుకా, షిన్‌చాన్ అనే పేర్లు మేనత్త పిల్లల పేర్లంత పరిచయం. వాళ్ళకంటే ముందు తరానికి మోగ్లీ అంతే. 1993 ప్రాంతంలో ఆదివారాలు దూరదర్శన్ హిందీలో ప్రసారం చేసిన ‘జంగిల్ బుక్’ కార్టూన్ జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ సంస్థ తీసినది. గుల్జార్ రాసిన పాటతో అది మనదైపోయింది. అది జపాన్ నుంచి వచ్చిందని చూసినవాళ్ళలో చాలామందికి తెలియనే తెలియదు.

ఇంత దగ్గరగా వచ్చిన కళారూపాన్ని మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నప్పుడు కూడా “పిల్లలు చెడిపోతున్నారు” అనే మాట దగ్గరే ఆగిపోయింది. ఈ పాఠ్యభాగంలో మనం వేరే ప్రశ్న వేసుకుందాం. టీవీలో మనం చూసిన కార్టూన్ అసలుది ఎంత, కోత పోగా మిగిలినది ఎంత? కోసినవాళ్ళు దేన్ని కోశారు, దేన్ని వదిలేశారు? ఆ కోత కథను ఏం చేసింది? సాహిత్య విద్యార్థి పాఠాంతరాలను పోల్చి చూసినట్టే టీవీ కార్యక్రమానికి కూడా పాఠాంతరాలు ఉంటాయని గుర్తుంచుకోండి.

నిబంధన ఎవరికి, కత్తెర ఎవరిది?

సినిమాకూ టీవీకీ చట్టం ఒకటి కాదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సినిమా విడుదలకు ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. టీవీ ధారావాహికకు అలాంటి ముందస్తు పరిశీలన లేదు. ప్రసారమైన తరవాత ఫిర్యాదు వస్తే చర్య ఉంటుంది. దీనికి ఆధారం 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం, దాని కింది 1994 నాటి నియమాలు. (చట్టం కంటే నియమాలు ముందు పుట్టడం వింతగా కనిపించవచ్చు. 1994లో ముందుగా ఆర్డినెన్సు వచ్చింది, నియమాలు దాని కింద చేసినవి.) ఆ నియమాల్లో ఆరవది ‘ప్రోగ్రామ్ కోడ్’. పిల్లల కోసం ఉద్దేశించిన కార్యక్రమాల్లో చెడ్డ భాష, బాహాటమైన హింస ఉండకుండా జాగ్రత్తపడాలనీ, పిల్లలకు తగని కార్యక్రమాలను వాళ్ళు ఎక్కువగా చూసే వేళల్లో వెయ్యకూడదనీ అందులో ఉంది. పిల్లలను కించపరచకూడదని కూడా ఉంది.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. ఈ నియమం మాట్లాడేది కేబుల్ ఆపరేటర్‌తో. అంటే కొత్తపేటలో కొబ్బరిచెట్ల మీదుగా తీగ లాగి, నెలనెలా ఇంటికొచ్చి డబ్బులు వసూలు చేసుకునే మనిషితో. కానీ ఆయన చేతిలో కత్తెర లేదు. ఛానల్ ఆపగలడు, పెట్టగలడు, అంతే. చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, పోలీసు కమిషనర్ ‘అధీకృత అధికారులు’. కోడ్‌ను ఉల్లంఘించిన కార్యక్రమం ప్రసారాన్ని వాళ్ళు నిషేధించవచ్చు. వాళ్ళ చేతిలో కూడా ఉన్నది ఆపే అధికారమే, దిద్దే అధికారం కాదు. ఏ షాట్ ఎక్కడ తెంచాలన్న నిర్ణయం ఛానల్ కార్యాలయంలోని ఎడిటింగ్ గదిలో జరుగుతుంది. దాని మీద ఎవరి సంతకమూ ఉండదు. సినిమాకైతే సెన్సారు బోర్డు ఏయే కోతలు సూచించిందో రికార్డు ఉంటుంది. టీవీ కోతకు ప్రేక్షకుడు చూడగలిగే జాబితా ఏదీ లేదు. విమర్శకుడికి ఇది పెద్ద ఇబ్బంది. కోత ఉందని తెరను చూసే కనిపెట్టాలి.

ప్రభుత్వం నేరుగా కలగజేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. 2007లో ఏఎక్స్ఎన్, ఎఫ్‌టీవీ ఛానళ్ళను సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ చెరో రెండు నెలల పాటు నిలిపివేస్తూ ఉత్తర్వులిచ్చింది. అవి పెద్దల ఛానళ్ళు. ఆ మరుసటి ఏడాదే చర్చ పిల్లల ఛానల్ మీదికి వచ్చింది. ప్రసారకర్తల స్వీయ నియంత్రణ కోసం ఫిర్యాదుల మండలి ఏర్పడింది 2011లో. కాబట్టి మనం చూడబోయే ఉదంతం నాటికి అలాంటి మధ్యస్థ వేదిక లేదు.

కత్తెర, కుంచె

యానిమేషన్‌లో కోతకు ఒక ప్రత్యేకత ఉంది. నటులతో తీసిన సినిమాలో అభ్యంతరకరమైన దృశ్యాన్ని తీసెయ్యాలి, లేదా మసకబార్చాలి. యానిమేషన్‌లో ప్రతి ఫ్రేమూ ఎవరో గీసినదే. గీసినదాన్ని మళ్ళీ గియ్యవచ్చు. అందుకే అమెరికాలో జపాన్ కార్టూన్లను దిద్దినవాళ్ళు కత్తెరతో పాటు కుంచె కూడా పట్టుకున్నారు. ‘వన్ పీస్’లో సాంజీ అనే వంటవాడి నోట్లో ఎప్పుడూ సిగరెట్ ఉంటుంది. 2004లో అమెరికన్ టీవీకి వచ్చేసరికి అది పుల్ల మిఠాయి అయింది. ‘యు-గి-ఓ’లో తుపాకులు చెరిపేశారు. తుపాకీ పట్టుకున్న చెయ్యి మాత్రం అలాగే మిగిలింది. మనిషి వేలు చూపిస్తుంటే ఎదుటివాడు భయంతో వణికిపోతుంటాడు. ‘డ్రాగన్ బాల్ జీ’లో నరకంలో కాపలా కాసే రాక్షసుల చొక్కాల మీద ఇంగ్లీషులో ‘హెల్’ అని ఉంటే, మధ్య అక్షరాలు దిద్ది ‘హెచ్ఎఫ్ఐఎల్’ చేసి, దానికో విస్తరణ కూడా కల్పించారు. నరకాన్ని సంక్షేప నామంగా మార్చిన ఘనత బహుశా వాళ్ళకే దక్కుతుంది.

మచ్చ కనబడకుండా దిద్దడం కుంచెకు సాధ్యం. సిగరెట్ సంగతి తెలియనివాడికి మిఠాయి అసలుదిగానే కనిపిస్తుంది. కత్తెర మచ్చ మాత్రం దాగదు. నేపథ్య సంగీతం ఉన్నట్టుండి గెంతుతుంది. మాట్లాడుతున్న పాత్ర వాక్యం పూర్తి కాకుండానే మరో గదిలో కనిపిస్తుంది. తగ్గిన నిడివిని భర్తీ చెయ్యడానికి ఒకే నిశ్చల దృశ్యం అవసరానికి మించి నిలుస్తుంది. లేదా బొమ్మను దగ్గరికి లాగి, అభ్యంతరకరమైన భాగం ఫ్రేముకు బయట పడేలా చేస్తారు. అప్పుడు గీత లావెక్కి, బొమ్మ కొంచెం మొద్దుబారుతుంది. మన ఛానళ్ళలో ఎక్కువగా కనిపించేవి ఈ మచ్చలే. మళ్ళీ గీయించడం ఖర్చుతో కూడిన పని, కత్తెరకు ఖర్చు తక్కువ.

అన్ని మార్పులూ నీతి పేరుతో జరిగినవి కావు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ‘పోకెమాన్’ 38వ భాగం ప్రసారమైనప్పుడు ఎరుపు, నీలం కాంతులు వేగంగా మెరిసిన దృశ్యం చూసి పిల్లలు అస్వస్థులయ్యారు. 685 మందిని ఆసుపత్రులకు తరలించారు. ధారావాహిక నాలుగు నెలలు ఆగింది. ఆ భాగాన్ని మళ్ళీ ఎన్నడూ ప్రసారం చెయ్యలేదు. 1998లో అక్కడి ప్రసార సంస్థలు మెరుపుల వేగం మీద నియమాలు పెట్టుకున్నాయి. అప్పటి నుంచి పాత దృశ్యాల్లో కాంతి తగ్గించడం, వేగం తగ్గించడం మామూలైంది. ఇలాంటి దిద్దుబాటును తప్పుపట్టేవాడు ఉండడు. కోత అనగానే కోపగించుకునే విమర్శ ఎంత పనికిరానిదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

‘డోరేమాన్’ విషయంలో మన వాళ్ళ పద్ధతి మెచ్చుకోదగ్గది. 2014లో అమెరికాలో డిస్నీ ఎక్స్‌డీ ఈ ధారావాహికను వేసినప్పుడు నోబితా ‘నోబీ’ అయ్యాడు, షిజుకా ‘సూ’ అయింది. తినే పుల్లలు ఫోర్కులయ్యాయి, యెన్లు డాలర్లయ్యాయి, పరీక్షలో వచ్చే సున్నా ‘ఎఫ్’ గ్రేడు అయింది. మన దగ్గర ఆ పని జరగలేదు. నోబితా నోబితాగానే ఉన్నాడు. దోరాయాకిని బూరె అనో, బొబ్బట్టు అనో మార్చలేదు. చాప పరిచిన నేల, జారుడు తలుపులు, పుల్లలతో తినే అన్నం రాజోలు పిల్లవాడికి ఉన్నవి ఉన్నట్టే అందాయి, వాడికి అవేమీ అడ్డం కాలేదు. పరాయి ఊరి కథను పిల్లలు అర్థం చేసుకోలేరని అమెరికన్ సంపాదకులు అనుకున్నారు. మన ఛానళ్ళు ఆ కష్టం పెట్టుకోకపోవడానికి కారణం పొదుపే కావచ్చు. ఫలితం మాత్రం మంచిదే.

షిన్‌చాన్ ఉదంతం

ఇప్పుడు అసలు ఉదాహరణకు వద్దాం. యోషితో ఉసుయి 1990లో మొదలుపెట్టిన ‘క్రెయాన్ షిన్‌చాన్’ బొమ్మల కథ పిల్లల పత్రికలో రాలేదు. పెద్దలు చదివే ‘మాంగా యాక్షన్’ వారపత్రికలో వచ్చింది. కసుకాబే అనే శివారు పట్టణంలో ఐదేళ్ళ కుర్రాడు, ఇంకా 32 ఏళ్ళ ఇంటి అప్పు మిగిలిన తండ్రి, చవక బేరాల కోసం పరుగులు తీసే తల్లి. నవ్వులో సగం పెద్దవాళ్ళ బతుకు మీదే. కుర్రాడు పెద్దల రహస్యాలను నలుగురిలో బయటపెట్టే సాధనం. 1992 ఏప్రిల్‌లో టీవీ అసాహీ దాన్ని యానిమేషన్‌గా మొదలుపెట్టింది. పిల్లలకు చూపించకూడదని తల్లిదండ్రులు అనుకునే కార్యక్రమాల సర్వేల్లో జపాన్‌లో కూడా ఇది ఏళ్ళ తరబడి ముందు వరసలో నిలిచింది. కాబట్టి “ఇది మన సంస్కృతికి పడదు, వాళ్ళకు పడుతుంది” అనే వాదన మొదట్లోనే వీగిపోతుంది. వాళ్ళకూ మనకూ అభ్యంతరం ఒకటే.

మన దేశంలో 2006లో హంగామా టీవీ దీన్ని ప్రసారం చెయ్యడం మొదలుపెట్టింది. హిందీతో పాటు తమిళం, తెలుగు మాటలతో కూడా వచ్చింది. డబ్బింగ్ జపాన్ మూలం నుంచి కాక ఇంగ్లీషు అనువాదం మీదుగా నడిచిన ఆనవాళ్ళు పేర్లలోనే ఉన్నాయి. తండ్రి హిరోషి ‘హ్యారీ’ అయ్యాడు, తల్లి మిసాయె ‘మిట్సీ’ అయింది, కుక్క మాత్రం షిరో గానే మిగిలింది. తల్లిదండ్రుల ఫిర్యాదులు పెరిగాయి. 2008లో సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ జోక్యంతో ప్రసారం ఆగింది. 2009లో కోతలతో తిరిగి వచ్చింది.

ఫిర్యాదు చేసినవాళ్ళ బాధ ఏమిటి? పిల్లలు ఎదురు సమాధానం చెబుతున్నారు, పెద్దలను లెక్కచెయ్యడం లేదు, వాడి గొంతు పెట్టి మాట్లాడుతున్నారు అని. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన బాధ కాదు. కోత పడింది మాత్రం ఎక్కడ? ప్రధానంగా ఒంటి మీద. షిన్‌చాన్ లాగు దించి ఆడే ఆట, బట్టలు లేని దృశ్యాలు పోయాయి. ఎదురు సమాధానం, పెద్దవాళ్ళ మాటను వంకరగా తిప్పడం, అమ్మాయిల వెంటపడటం మిగిలాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఒంటిని తెర మీద వేలు పెట్టి చూపించవచ్చు. పెడసరం ఎక్కడ మొదలైందో ఏ ఫ్రేములో చూపిస్తాం? అది మాట విరుపులో, ఆలస్యంగా వచ్చే జవాబులో ఉంది. కత్తెర కొలవగలిగినదాన్నే కోస్తుంది.

దీనివల్ల కథకు జరిగిన నష్టం చూద్దాం. షిన్‌చాన్ హాస్యానికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరో ముఖ్యమైన అతిథి ఉన్నప్పుడు కుర్రాడు చెయ్యకూడని పని చేస్తాడు. తల్లి పరువు పోతుంది. మరుక్షణం వాడి నెత్తిన పిడిగుద్దు, దాని మీద పొంగిన బొప్పి. చేష్ట, సిగ్గు, దెబ్బ అనే మూడు మెట్లు. మొదటి మెట్టు తీసేస్తే ఏమవుతుంది? అతిథి కూర్చుని ఉంటాడు, వెంటనే కుర్రాడి నెత్తిన బొప్పి ఉంటుంది. తల్లి ఎందుకు కొట్టిందో చూసేవాడికి తెలియదు. అసలు పాఠంలో ఆమె సిగ్గుతో చచ్చిపోయిన మనిషి, మన జాలికి తగిన మనిషి. కోత పడిన పాఠంలో ఆమె కారణం లేకుండా బిడ్డను బాదే తల్లి. పిల్లల కార్యక్రమాల్లో హింస ఉండకూడదన్న నియమం పేరు మీద చేసిన కోత చివరికి దెబ్బను ఒక్కదాన్నే తెర మీద నిలబెట్టింది. నా దృష్టిలో ఈ కోత విఫలమైంది. మర్యాదను కాపాడలేదు, హాస్యాన్ని మాత్రం చెడగొట్టింది.

మరి ఏం చెయ్యాల్సింది? ప్రోగ్రామ్ కోడ్‌లోనే జవాబు ఉంది: వేళ. పెద్దల పత్రికలో పుట్టిన కథను పెద్దలు చూసే వేళకు, కుటుంబం కలిసి కూర్చునే వేళకు జరపవచ్చు. కార్టూన్ అంటే పిల్లలదే, కాబట్టి పిల్లల ఛానల్లో బడి వదిలిన వేళకే రావాలి అనే లెక్క నుంచి ఈ చిక్కంతా పుట్టింది. బొమ్మలు కదిలితే అది బాలసాహిత్యం అనుకోవడం మన విమర్శలో కూడా ఉన్న అలవాటే.

కేతిగాడి పక్కన షిన్‌చాన్

బొమ్మలతో పెద్దల హాస్యం మనకు కొత్తదా? కాకినాడ దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపొందిన ఊరు. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల మధ్య కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వస్తారు. వాళ్ళ మాటల్లో బూతు ఉంటుంది, ఒంటి మీద హాస్యం ఉంటుంది, దెబ్బలాట ఉంటుంది. తెర ముందు కూర్చున్నవాళ్ళలో పిల్లలు కూడా ఉంటారు. షిన్‌చాన్ చేసే పనుల్లో కేతిగాడు చెయ్యనిది దాదాపు లేదు.

అయినా కేతిగాడి మీద రాని ఫిర్యాదు షిన్‌చాన్ మీద ఎందుకు వచ్చింది? కారణం బూతు మోతాదులో లేదని నా అభిప్రాయం. తోలుబొమ్మల ఆటగాడు ఎదుట ఎవరు కూర్చున్నారో చూస్తూ ఆడతాడు. ముందు వరసలో ఊరి పెద్ద ఉంటే మాట తగ్గిస్తాడు, రాత్రి ముదిరి పిల్లలు నిద్రపోయాక పెంచుతాడు. అక్కడ సెన్సారు ఆటగాడి నాలుక మీదే ఉంటుంది. పక్కనే అమ్మమ్మ కూర్చుని ఉంటుంది. ఆమె నవ్వితే పిల్లవాడు నవ్వవచ్చు, ఆమె కసిరితే ఊరుకుంటాడు. టీవీకి ఎదుట ఎవరున్నారో తెలియదు. అమ్మ వంటింట్లో ఉంటుంది, నాన్న పనిలో ఉంటాడు, పిల్లవాడు ఒక్కడే తెర ముందు ఉంటాడు. ఎడిటింగ్ గదిలో కత్తెర చెయ్యబోయినది ఆ అమ్మమ్మ పని. అది ఆమె చేసినట్టు ఎలా చేస్తుంది?

అభ్యంతరం ఎప్పుడూ బొమ్మ తయారయ్యాకే వస్తుందని కూడా అనుకోకండి. యుగో సాకో తీసిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ విషయంలో ఒక్క ఫ్రేము కూడా గియ్యకముందే, 1983లో, విశ్వ హిందూ పరిషత్ నుంచి నిరసన లేఖ వెళ్ళింది. రాముణ్ణి కార్టూన్ చెయ్యడమా అన్నది అభ్యంతరం. సాకో వెనక్కి తగ్గలేదు. భారతీయ యానిమేటర్ రామ్ మోహన్‌తో కలిసి 1992లో పూర్తిచేశాడు. ఆ చిత్రం 2025 జనవరి 24న తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటాక ఆ పాత అభ్యంతరం ఎవరికీ గుర్తు కూడా లేదు. బొమ్మ అంటే తక్కువ అనే చూపు షిన్‌చాన్ విషయంలో “పిల్లలదే” అయింది, రాముడి విషయంలో “దేవుడికి తగదు” అయింది.

గొంతు చేసే కోత

దృశ్యం హిందీకీ, తమిళానికీ, తెలుగుకూ ఒకటే. మారేది మాట. కాబట్టి తెలుగు ప్రేక్షకుడికి ప్రత్యేకంగా జరిగే మార్పు డబ్బింగ్‌లోనే జరుగుతుంది. జపాన్‌లో బయటి నుంచి ఇంటికొచ్చినవాళ్ళు ఒక మాట అంటారు, ఇంట్లో ఉన్నవాళ్ళు బదులుగా ఇంకో మాట అంటారు. షిన్‌చాన్ ఇంటికొచ్చి, ఇంట్లోవాళ్ళు అనాల్సిన మాట తనే అంటాడు. అప్పుడప్పుడు తల్లిని పేరు పెట్టి పిలుస్తాడు. వాడి అల్లరి భాషలో ఉంది. తెలుగులో ఆ జంట పలకరింపులు లేవు. పైగా తల్లిని ‘నువ్వు’ అనడం మనకు పెడసరం కాదు, చనువు. కోనసీమలో పెడసరం వినిపించాలంటే ‘అండీ’ పోవాలి, ‘ఆయ్’ పోవాలి. “ఆయ్, అలాగేనండీ” అని వినయంగా అంటూనే చెప్పిన పని చెయ్యని కుర్రాడు షిన్‌చాన్‌కు అసలైన తెలుగు అన్నదమ్ముడు. కార్టూన్ డబ్బింగుల్లో ఆ గోదావరి పలుకు సాధారణంగా వినిపించదు. వినిపించేది ఏ ఊరిదీ కాని స్టూడియో తెలుగు. దృశ్యంలో తుంచినదాన్ని మాటలో తిరిగి ఇవ్వగల అవకాశం అనువాదకుడికి ఉంది. ఆ అవకాశం ఉన్న మనిషికి తెర మీద పేరైనా సరిగా దక్కదు.

మాట కూడా నిషేధానికి కారణం కాగలదు. 2013 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ హిందీ ‘డోరేమాన్’ను ఆపింది. బొమ్మల్లో ఏదో తప్పుందని కాదు. పిల్లలు బెంగాలీ బదులు హిందీ మాట్లాడుతున్నారని.

అభ్యాసం

మీ ఇంట్లో సెట్‌టాప్ పెట్టెలో భాష మార్చుకునే వీలుంటే షిన్‌చాన్ భాగం ఒకటి తెలుగులో చూడండి. మళ్ళీ వేసినప్పుడు అదే భాగాన్ని హిందీలో చూడండి. నేపథ్య సంగీతం గెంతిన చోట్లు, షాట్ అవసరానికి మించి నిలిచిన చోట్లు రాసుకోండి. అక్కడ ఏం పోయి ఉంటుందో ముందూ వెనకా ఉన్న దృశ్యాల ఆధారంగా ఊహించి ఒక పేజీ రాయండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ మొహం చిట్లించారో, అది కోత పడిన చోటేనో కాదో కూడా ఆ పేజీలో చేర్చి సంప్రదింపు తరగతికి తీసుకురండి.